సున్నా గుండ్రంగా లేదు

సోమవారం కరెంటు పోయి వచ్చాక
మానిటర్ వెలిగింది గానీ
లోకం కాస్త లావెక్కింది.

అరండల్‌పేట పన్నెండో లైన్లో
మెట్ల కింద మా షాపు.
ఫ్లెక్సీ మిషను ఉండేది నాజ్ సెంటర్ అవతల.
డిజైను చేసి ఫైలు పంపడం వరకే నా పని,
బట్ట మీద పడ్డాక మొహాలు నేను చూడను.

అక్షరాలు అడ్డంగా సాగాయి.
‘ఠ’ కడుపులో చుక్క కోడిగుడ్డయింది.
సున్నా చతికిలబడింది.
ఫొటోలే అలా వస్తున్నాయనుకున్నా,
ఈ రోజుల్లో ఫోన్లు ఏమైనా చేస్తాయి కదా.
వచ్చిన ప్రతి మొహాన్నీ
పక్క పిడి పట్టుకుని లోపలికి నెట్టాను
నా కంటికి మనిషిలా కనపడేదాకా.
మూడు రోజులు నెట్టాను.
వార్డు నాయకుడి పుట్టినరోజు,
బ్యూటీపార్లర్ ప్రారంభం,
ఓణీల ఫంక్షను,
ఒక శ్రద్ధాంజలి.

గురువారం పొద్దున
హిందూ కాలేజీ సెంటర్లో బండాపి తలెత్తితే
పైనుంచి వార్డు నాయకుడు చూస్తున్నాడు
మునక్కాయంత సన్నంగా.
నమస్కారం పెట్టిన చేతులు రెండు అగరొత్తులు.
చుట్టూ అనుచరులు పన్నెండు మంది,
అందరూ ఒకే కరువులోంచి లేచొచ్చినట్టు.
కింద ఎవరో కాలేజీ పిల్లలు నవ్వుతున్నారు.
నాకు చెమట పట్టింది.

ఏసుపాదం వచ్చాడు, భుజాన బ్యాగు, నోట్లో సోంపు.
"తెర వెడల్పుది. నువ్వు నడిపేది పాత నలుచదరం లెక్క.
కరెంటు దెబ్బకి డ్రైవర్ ఎగిరిపోయింది.
పాపం, మొహాల తప్పేం లేదు" అన్నాడు.
పెన్‌డ్రైవ్ గుచ్చాడు. ఆకుపచ్చ గీత ఒకటి
గవర్నమెంటు ఆస్పత్రి ఓపీ క్యూలా కదిలింది.
తర్వాత ఖాళీ చోట రైట్ క్లిక్,
డిస్‌ప్లే సెట్టింగ్స్, వరసలో పెద్ద అంకె:
పంతొమ్మిది వందల ఇరవై, వెయ్యీ ఎనభై.

తెర నల్లబడింది. ఒక్క క్షణమే,
ఉద్యోగం పోయినంతసేపు.

వెలిగింది. చిన్న పెట్టె వచ్చి అడిగింది,
ఈ మార్పు ఉంచమంటావా అని.
పదిహేను, పద్నాలుగు, పదమూడు...
పలక్కపోతే పాతదానికే వెళ్లిపోతానంది.
ఏం మర్యాద!
నా ముప్పై ఆరేళ్లలో
జరిగిపోయినదాన్ని ఉంచాలా వద్దా అని
ఎవరూ నన్ను అడిగింది లేదు.
ఆ ముచ్చటలో నాలుగు దాకా లెక్క చూస్తూ కూర్చుంటే
ఏసుపాదమే నా చెయ్యి మీద చెయ్యేసి నొక్కాడు.

సున్నా గుండ్రమైంది.
మూడు రోజుల ఫైళ్లు తెరిచాను.
మా ఓనరు కోటిరత్నం గారు కాలిక్యులేటర్ తీసింది.
నా జీతంలో ఎన్ని చదరపు అడుగులున్నాయో
పైకి చెప్పలేదు.

అన్నీ మళ్లీ కొట్టించాం.
బుగ్గలు తిరిగొచ్చిన సంతోషంలో
నాయకుడు టీ కూడా పంపించాడు.

శ్రద్ధాంజలి మిగిలింది.

సాయంత్రం నాంచారమ్మ వచ్చింది
ఏటుకూరు రోడ్డు నుంచి, చంకలో చుట్టిన ఫ్లెక్సీతో.
తిట్లకి సిద్ధపడి లేచి నిలబడ్డాను.
బల్ల మీద పరిచింది. చుట్టుకుపోతుంటే
మేం తలా ఒక మూల పట్టుకున్నాం.
శివనాగరాజు, లారీ ఆఫీసు గుమాస్తా,
చివరి రెండేళ్లూ ఒళ్లంతా నీరు పట్టినవాడు,
నా తప్పులో పడి
దవడ తేలి, మెడ తేలి ఉన్నాడు.
"పెళ్లిచూపులకొచ్చిన రోజు అచ్చం ఇట్టాగే ఉన్నాడు.
నీకెట్టా తెలిసింది బాబూ?"

కోటిరత్నం గారు నా వంక చూసింది.
నేను ఫ్యాను వంక చూశాను.

పెద్దకర్మకి ఇంకోటి కావాలంది, ఇలాంటిదే.

ఆమె వెళ్లాక ఫైలు తీశాను.
సరైన తెర మీద సరైన మనిషి,
కళ్లు పూడుకుపోయిన ఉబ్బు మొహంతో.
పక్క పిడి పట్టుకున్నాను.
ఈసారి తెలిసే.
ఎక్కడ ఆపాలో ఏ అంకే చెప్పదు,
నేనెన్నడూ చూడని ఆ పెళ్లిచూపుల గది దాకా
మెల్లగా నెట్టుకుంటూ పోవాలి.

బిల్లు కోసం వచ్చిన ఏసుపాదం
భుజం మీంచి తొంగి చూశాడు.
"మళ్లీ పోయిందా?"

"లేదు, బాగానే ఉంది" అన్నాను.